గున్నమ్మకు వేసిన ధూపం

మా క్యాంపు షెడ్డు గోడ మీద ఏడు నియమాలు రాసి ఉంటాయి. వాటిలో ఐదింటిని నేను తప్పాను. మిగిలిన రెండూ జీపు నడిపేవాళ్లకు సంబంధించినవి. నాకు జీపు నడపడం వస్తే అవీ మిగిలేవి కావు.

చదవలేక తప్పానని అనుకోకండి. చదివే తప్పాను. నాకు యాభై నాలుగో ఏట అక్షరాలు వచ్చాయి. అవి కూడా జ్ఞానం కోసం నేర్చుకున్నవి కావు. ఇరవై ఆరేళ్లు పలాసలో జీడిపిక్కలు కొట్టాను. పెంకులో ఉండే నూనెకు నా వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మా ఆయన పోయాక పింఛను కోసం వెళ్లాను. ఆయన ఎలా పోయాడని మా ఉద్దానంలో ఎవరూ అడగరు, కిడ్నీల జబ్బేనని అందరికీ తెలుసు. అక్కడ మిషను నా వేలిని గుర్తుపట్టలేదు. పదిసార్లు నొక్కించి, "నువ్వు ఉన్నావంటే మిషన్ ఒప్పుకోవడం లేదు దాలమ్మా" అన్నాడు గుమస్తా. ఉన్నానని నిరూపించుకోవడానికి సంతకం నేర్చుకున్నాను. అక్కడితో ఆగి ఉంటే అందరికీ బాగుండేది.

ఆ ఏడాది వానల్లో మందస కొండల్లో ఒక ఏనుగు, గెడ్డ అని మేం పిలిచే కొండవాగు దాటబోయి బండల మధ్య పడి చచ్చిపోయింది. దాని పక్కన నాలుగు నెలల ఆడపిల్ల. మంద రెండు రోజులు చూసి వెళ్లిపోయింది. ఆ పిల్లను పెంచడానికి కొండ కింద షెడ్డు వేశారు. కాపలాకు నలుగురు కావాలి, వాళ్లలో ఒకరు రోజూ పుస్తకం రాయగలగాలి అన్నారు. నేను రాయగలనని చెప్పాను. ఎంత రాస్తానో వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

మొదటి రోజే డాక్టరమ్మ మమ్మల్ని వరసగా నిలబెట్టింది. పేరు నాగసుధ. టెక్కలి నుంచి బుధవారం, శనివారం వచ్చేది. నా పెద్ద కూతురి కంటే చిన్నది, అయినా ఆమె మాట్లాడుతుంటే నా చేతులు వాటంతట అవే కట్టుకునేవి.

"ఇది పెంపుడు జంతువు కాదు. మూడేళ్లలోపు దీన్ని మందలో కలపాలి. మనిషికి మరిగితే మంద చేర్చుకోదు. మంద చేర్చుకోకపోతే బతికినంతకాలం జూలో, కాలికి గొలుసుతో. అరవై ఏళ్లు బతుకుతుంది. గుర్తుపెట్టుకోండి."

గుర్తుపెట్టుకున్నాను. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ. ఆచరణలోనే కొంచెం తేడా వస్తుంది.

తల్లి పొట్ట కింద దూరి తాగే పిల్ల కదా, తొండం దేనికో ఒకదానికి ఆనించకపోతే పాలు తాగేది కాదు. అందుకని తాడు మీద బూడిదరంగు దుప్పటి ఆరేసేవాళ్లం. అది తొండం దుప్పటికి ఆనించగానే, మేం వెనక నక్కి కింది నుంచి సీసా అందించాలి. మనిషి కనపడకూడదు, మాట్లాడకూడదు. డబ్బా పాలపొడిలో గంజి, అందులో మెత్తగా రుబ్బిన కొబ్బరి. కొబ్బరి మాత్రం మా ఉద్దానం కొబ్బరి. మూడో రోజు నేను దుప్పటి పక్క నుంచి తొంగిచూశాను. రాత్రనక పగలనక కొబ్బరి రుబ్బేది నేను, పేరు దుప్పటికా?

అది నన్ను చూసింది. తాగడం ఆపలేదు. ఆ రోజుతో ఒక నియమం పోయింది.

పేరు పెట్టకూడదన్నది రెండోది. నేను పెట్టలేదు. ఏనుగు పిల్లను గున్న అంటారు. ఆడపిల్ల కాబట్టి అమ్మ అని చేర్చాను. మా వైపు ఏ వీధిలో గున్నమ్మా అని పిలిచినా ఇద్దరు పలుకుతారు. అలాంటిది పేరు ఎలా అవుతుంది? ఇది నేను డాక్టరమ్మ ముందు చేసిన వాదన. ఆమె అప్పుడు నీళ్లు తాగుతోంది, పొలమారింది.

నాతో పాటు పగటి కాపలా చేసేవాడు అప్పలసూరి. నాకంటే మూడేళ్లు చిన్న, వరసకు మరిది. నోరు ఆడుతుంటేనే చేతులు ఆడే, నోరు మూస్తే పని ఆగిపోయే మనిషి. గున్నమ్మకు ఆరు నెలలు నిండినప్పుడు నేను కాటుక పట్టుకుని కూర్చుంటే వచ్చాడు.

"ఏటి ఒదినా, ఏటి సేత్తన్నావు?"

"దిష్టి సూరీ. పలాస నుంచి ఆటోలు కట్టుకుని మరీ వచ్చి కంచె అవతల నిలబడి సూత్తన్నారు. ఒకటే కళ్లు దీని మీద. నిన్న పాలు తాగలేదు."

"నల్లటి దానికి నల్లటి సుక్క ఎవులికి కనబడతాది? నీకేటైనా బుర్రుందా?"

"మరేటి సెయ్యమంటావు?"

"సున్నం ఎట్టు."

సున్నం పెట్టాను. శనివారం డాక్టరమ్మ వచ్చి చెంప మీద తెల్లమచ్చ చూసి, ఫంగస్ అనుకుని నాలుగు వారాలు మందు రాసింది. మందు రాసిన చోట నేను మళ్లీ సున్నం పెట్టేదాన్ని. "ఇంత మొండి ఫంగస్ నేను చూడలేదు" అంది డాక్టరమ్మ. అప్పలసూరి షెడ్డు వెనక్కి వెళ్లి కొబ్బరిడొక్కల కుప్ప మీద పడి నవ్వాడు.

ఇవన్నీ చిన్న తప్పులు. పెద్దది చెబుతాను.

నాకు ముగ్గురు పిల్లలు, వాళ్లకు ఐదుగురు. ఎనిమిది మందికీ పసితనంలో నేనే నీళ్లు పోశాను. ఒక్కరికీ జలుబు చేయలేదు. ఒకడికి చేసింది గాని, ఆ వారం వాడికి మా వియ్యపురాలు పోసింది. కొబ్బరినూనె పట్టించడం, పసుపు కలిపిన సున్నిపిండితో నలుగు పెట్టడం, వేడినీళ్లు పోయడం, ఆఖర్న సాంబ్రాణి ధూపం. బుట్ట బోర్లించి, కింద నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, బుట్ట మీద పిల్లను పడుకోబెడితే, లేచేసరికి అన్నం వేళ అవుతుంది. తల్లి లేని పిల్లకు అది మరీ అవసరమని నాకు తోచింది. గున్నమ్మకు సరిపడే బుట్ట దొరకలేదు కాబట్టి మూకుడులో నిప్పులు వేసుకుని దాని చుట్టూ నేనే తిరిగేదాన్ని. గుళ్లో కూడా అన్ని ప్రదక్షిణలు చేయలేదు.

గురువారం, ఆదివారం తలంటు. డాక్టరమ్మ వచ్చేసరికి అది బురదలో పొర్లి ఉండేది కనుక ఆమెకు బురదే తెలిసేది. అప్పలసూరి అడ్డం చెప్పలేదు. దోమలు పోతాయని ధూపం పక్కకు మంచం లాక్కునేవాడు.

దాచానని మాత్రం అనకండి. పుస్తకంలో నాలుగు గళ్లు ఉండేవి. టైము, పాలు, పేడ, ఇతర విషయాలు. మిగతావాళ్లు నాలుగో గడిలో గీత గీసేవారు. నేను ఆ గడి చాలక అంచుల్లోకి, అక్కడి నుంచి వెనక పేజీకి పోయేదాన్ని. కొత్తగా ఈత వచ్చినవాళ్లకు ప్రతి గెడ్డలోనూ దూకాలనిపిస్తుంది. డాక్టరమ్మకు కావలసింది అంకెలు. అంకెల కింద సంతకం పెట్టి వెళ్లిపోయేది.

అలా రెండేళ్లు దాటాయి. గున్నమ్మ నా భుజం ఎత్తు వచ్చింది. పగలంతా కొండ కింద వెదురు, గడ్డి మేసేది. పాలు రోజుకు ఒక్కసారికి తగ్గించాం. బకెట్టు మీద గరిటెతో రెండు దెబ్బలు కొడితే చాలు, ఎంత దూరంలో ఉన్నా తొండం ఎత్తుకుని పరిగెత్తుకొచ్చేది. నా పిల్లలు ఎవరూ పిలిస్తే అంత త్వరగా రాలేదు.

మార్గశిరంలో మంద దిగింది. ఏడు ఏనుగులు. వరికుప్పల కాలంలో అవి ఒడిశా వైపు నుంచి వస్తాయి. ఊళ్లలో డబ్బాలు కొట్టి, ఎండుమిరపకాయల పొగ పెట్టి తరుముతారు. కుప్పలు నూర్చడం అయ్యాక తిరిగి పోతాయి. ఈ సారే కలపాలి అంది డాక్టరమ్మ. గున్నమ్మను గెడ్డ ఒడ్డున వదిలి, మేమంతా జీపులో దూరంగా కూర్చున్నాం.

పెద్ద ఏనుగు ముందుకొచ్చింది. చెవికి చిరుగు ఉన్న ముసలి ఆడఏనుగు. మెల్లగా తొండం చాచింది. గున్నమ్మ నెత్తి మీద పెట్టింది, చెవి వెనక్కి పోనిచ్చింది. అక్కడ ఒక్కసారిగా, కాలిన పెనం ముట్టుకున్నట్టు తొండం వెనక్కి లాక్కుంది. గొంతులో ఏదో గుర్రుమంది. ఏడూ దగ్గరగా జరిగి, వెనక్కి తిరిగి, కొండెక్కిపోయాయి.

గున్నమ్మ కొంచెంసేపు అక్కడే నిలబడింది. తర్వాత జీపు దగ్గరికి వచ్చి, బెల్లం ముక్క కోసం నా కొంగులో తొండం పెట్టింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ నిమిషం నాకు సంతోషం కలిగింది. ఏడు ఏనుగుల కంటే దానికి నేనే ఎక్కువ అనుకున్నాను. తర్వాత డాక్టరమ్మ ముఖం చూశాను.

ఆ సాయంత్రం ఆమె షెడ్డులో కూర్చుని రెండేళ్ల పుస్తకాలు ముందేసుకుంది. కారణం ఎక్కడో ఉండాలి అంది. మొదటిసారి నాలుగో గడి చదివింది. పైకి చదివింది.

"'గురువారం. గున్నమ్మకు తలంటు. నూనె ఒక సీసా. ధూపం బాగా పట్టింది. చెవుల వెనక ఎక్కువ వేశాను, హాయిగా పడుకుంది.' దాలమ్మగారూ, ఇదేంటి?"

"సాంబ్రాణమ్మా. మంచి సాంబ్రాణే. పలాస బజారులో కొన్నాను."

"'ఆదివారం. ధూపం. సూరి కూడా వేయించుకున్నాడు.'"

అప్పలసూరి పైకప్పు రేకులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ పుస్తకం మూసింది. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. "అడవి ఏనుగుకు పొగ అంటే ఏంటి దాలమ్మగారూ? మనుషులు తరుముతున్నారని. దానికి తెలిసిన వాసనల్లో అన్నిటికంటే భయమైనది అదే. రెండేళ్లుగా దీని ఒంటికి మనం అదే పట్టించాం."

'మీరు' అనలేదు, 'మనం' అంది.

ఇంకా ఇరవై రోజులు మంద ఇక్కడ ఉంటుందని లెక్క. ఆ లోపు వాసన పోవాలి. పోకపోతే జూ నుంచి లారీ వస్తుంది. నన్ను గున్నమ్మ కంటికీ ముక్కుకూ కనపడవద్దన్నారు. వంటచోట పాలు కలపడం వరకే నా పని. మిగతా ముగ్గురూ రోజూ మంద తిరిగిన చోట పేడ ఏరి తెచ్చి, గెడ్డ బురదలో కలిపి దాని ఒంటికి పూసేవారు.

"నువ్వు సాంబ్రాణి ఏసినావు, నాను పేడ పుయ్యాల. ఇదేటి నాయం ఒదినా?" అనేవాడు అప్పలసూరి గుమ్మంలోంచి. "బుధవారం నా మేనల్లుడి పెళ్లి. ఈ కంపుతో ఎల్తే నా విస్తరి రోడ్డు మీద ఏత్తారు."

"సాంబ్రాణి ఏసుకుని ఎల్లు."

"నీకింకా బుద్ధి రాలేదే!"

గున్నమ్మ మొదటి నాలుగు రోజులు వంటచోటు కంచె దగ్గర నిలబడి అరిచింది. నేను కొబ్బరి రుబ్బుతూ రోలు చప్పుడు పెంచేదాన్ని. ఐదో రోజు రాలేదు. ఆ రోజు నేను అన్నం తినలేదు. అరిస్తే ఒక బాధ, మానేస్తే ఇంకొక బాధ.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం మళ్లీ తీసుకెళ్లారు. నన్ను క్యాంపులో ఉండమన్నారు. ఉంటానన్నాను. వాళ్ల జీపు మలుపు తిరగగానే నేను అడ్డదారిన బయల్దేరాను. నాకేమీ తెలియక వెళ్లానని అనుకోవద్దు, అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాను. బూడిదరంగు దుప్పటి కప్పుకున్నాను. మంద పేడ చేతులకూ కాళ్లకూ నెత్తికీ పూసుకున్నాను. దారిలో దానికి ఆకలేస్తే అని బకెట్టులో పాలు పట్టుకెళ్లాను. ఏనుగును అడవికి సాగనంపడానికి పాల బకెట్టుతో వెళ్లడం తెలివి తక్కువని ఆ పేడ పూసుకున్న బుర్రకు తట్టలేదు.

గెడ్డకు కాస్త ఎత్తున జీడితోట ఉంది. అక్కడ ఒక చెట్టు మొదట్లో కూర్చున్నాను. జీపు అవతలి ఒడ్డున చాలా దూరంలో ఉంది.

చిరుగు చెవి ముసలిది వచ్చింది. నెత్తి ముట్టుకుంది. చెవి వెనక ముట్టుకుంది. ఈసారి తొండం తీయలేదు. గున్నమ్మ నోట్లో తొండం కొస పెట్టి చూసింది. వెనకున్నవి కూడా ఒక్కో అడుగు దగ్గరికి వచ్చాయి. నేను దుప్పటి నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడు గాలి మళ్లింది. మా వైపు మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి ఎక్కుతుందని చంటిపిల్లలకు కూడా తెలుసు. నాకు జ్ఞాపకశక్తి ఎక్కువని ముందే చెప్పాను కదా. ఆ గాలి నన్ను మోసుకుని నేరుగా గెడ్డలోకి పోయింది. గున్నమ్మ చెవులు లేచాయి. మందను వదిలి నా వైపు తిరిగింది.

"పోవే! ఎల్లిపో తల్లీ, ఇటు రాకు!"

అది నడక మొదలుపెట్టింది.

ఊరివాళ్లు ఏనుగుల్ని ఎలా తరుముతారో గుర్తొచ్చింది. రాయి అందుకుని బకెట్టు మీద టంగుటంగున కొట్టాను. గున్నమ్మ తొండం ఎత్తుకుని పరుగు అందుకుంది. లోకంలో డబ్బా చప్పుడుకు పారిపోని ఏనుగు అదొక్కటే. దాన్ని తయారుచేసింది నేను. వచ్చీ రావడంతోనే తొండం బకెట్టులో పెట్టింది.

కింద ముసలిది చూస్తోంది. కాసేపటికి సగం వెనక్కి తిరిగింది. ఇంకొక్క నిమిషం పోతే పూర్తిగా తిరుగుతుంది. నా కళ్ల ముందు జూ లారీ కనిపించింది. గొలుసు కనిపించింది. అరవై ఏళ్లు.

బకెట్టు లాగి, దాంతోనే తొండం మీద కొట్టాను. పాలు మా ఇద్దరి మీదా ఒలికాయి. అది కదల్లేదు. చెయ్యి జారి పాలు ఒలికాయని అనుకున్నట్టుంది, నేల మీద తడుముకుంది. మళ్లీ కొట్టాను, ఈసారి బకెట్టు అంచుతో, తొండం మొదట్లో, నా బలమంతా పెట్టి.

అది అరిచింది. ఆకలి అరుపు నాకు తెలుసు, మారాం అరుపు తెలుసు. ఇది అంతకుముందు వినలేదు.

నేల అదిరింది. ఆ అరుపుకు ఏడు ఏనుగులూ గెడ్డ దాటి నా మీదికి వస్తున్నాయి. జీడిచెట్టుకు కొమ్మలు నేలకు దగ్గరగా ఉంటాయి. ముసలివాళ్లను దృష్టిలో పెట్టుకునే దేవుడు అలా చేశాడని నా నమ్మకం. యాభై ఏడేళ్ల వయసులో, తడిసిన చీరతో, ఎవరి సాయం లేకుండా నేను నాలుగో కొమ్మ దాకా ఎక్కాను. ఎలా ఎక్కానో ఇప్పుడు అడిగితే చూపించలేను. ముసలిది కింద పడిపోయిన నా దుప్పటిని చీల్చి తొక్కింది. బకెట్టును ఒక్క కాలితో పళ్లెం చేసింది. చెట్టును భుజంతో రెండుసార్లు తోసి, గున్నమ్మను తొండంతో పొట్ట కిందికి లాక్కుంది. పొట్ట కింద పట్టే వయసు దాటిపోయినా అది ఒదిగింది.

వెనక్కి తిరిగి చూసిందా అని అందరూ అడుగుతారు. నాకు తెలియదు. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాను.

తెరిచేసరికి కొండ అంచున వెదురు కదులుతోంది. చెట్టు కింద అప్పలసూరి నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఒదినా, జీడిపిక్కలకి ఇది సీజన్ కాదే."

"దింపరా ముందు."

"ఎక్కించినోలు దింపాల."

దింపడానికి జీపులో ఉన్న తాడు కావలసి వచ్చింది. డాక్టరమ్మ కింద నిలబడి పైకి చూస్తోంది. ఉద్యోగం పోయిందని అనుకున్నాను. నేల మీదికి వచ్చాక ఆమె నా మోచేతులకు అయిన గాయాలు కడిగింది.

"ఎన్నిసార్లు కొట్టారు?"

"రెండు."

"ఎక్కడ?"

చూపించాను. నా ముక్కు మొదట్లో వేలు పెట్టి.

"పుస్తకంలో రాయండి" అంది. ఆమె కళ్లు తుడుచుకుందో, చెమట తుడుచుకుందో, నేను సరిగా చూడలేదు.

రాశాను. పాలు, ఒలికాయి. ఇతర విషయాలు, రెండు దెబ్బలు. ఆ రోజు మొదటిసారి గడిలో చోటు మిగిలింది.

ఉద్యోగం పోలేదు. ఇంకో పిల్ల వస్తే ఉంటుందని షెడ్డు అలాగే ఉంచారు. రెండు నెలల తర్వాత ఒడిశా వైపు మందను వెంబడించేవాళ్ల నుంచి కబురు వచ్చిందని డాక్టరమ్మ ఒక బుధవారం కోవా పొట్లంతో వచ్చింది. ఎనిమిది ఏనుగులు కనిపించాయట. చిన్నది మధ్యలో నడుస్తోందట.

"ఊళ్ల వైపు వస్తోందా అమ్మా? మనుషుల దగ్గరికి?"

"లేదు. డబ్బా చప్పుడైతే అన్నిటికంటే ముందు అదే అడవిలోకి పరిగెత్తుతోందట."

మంచి కబురు. అందరం కోవా తిన్నాం. నాది కొంచెం గొంతులో అడ్డం పడితే అప్పలసూరి వీపు మీద కొట్టాడు, అవసరమైన దానికంటే గట్టిగా.

క్యాంపుకు కొత్త బకెట్టు వచ్చింది. ఇంతవరకు దాని మీద గరిటె పెట్టి కొట్టలేదు. అన్నం కుండ దించాక కేకే వేస్తాను. అప్పలసూరి ఆ కేకకు, ఎంత దూరంలో ఉన్నా, పరిగెత్తుకుంటూ వస్తాడు.